మద్యము లేని క్రిస్మసు విందు: సికింద్రాబాదు చరిత్రలో నొక చిన్న ప్రకరణము



నేను సికింద్రాబాదులో ముప్పది యేండ్లకు పైగా తెలుగు పండితుడుగా బాలురకు పాఠములు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. వ్యాకరణము, అలంకారశాస్త్రము, నిఘంటువులు నా చదువు. అట్టివాడు క్రిస్మసు పండుగనాటి పానీయములను గూర్చియు, చిరుతిండ్లను గూర్చియు మాటాడ బూనుట యేమని మీరాశ్చర్యపడవచ్చును. రాజుల యుద్ధములును, సంధులును మాత్రమే చరిత్ర కాదు. ఒక యూరివారు పండుగనాడు అతిథి చేతికేమి యిచ్చిరి, యేమి యీయ మానిరి, యెందువలన మానిరి అనునదియు చరిత్రయే. ఈ విషయమున నాకొక ఋణము కూడ కలదు. దానిని ముందుగా చెప్పుకొనెదను.

తాటిచెట్టు క్రింద పాలు త్రాగినను కల్లే యందురని మనకొక సామెత కలదు. ఇది త్రాగువానికి హెచ్చరికగా పుట్టిన మాట. కాని దీనిలో చూచువానికి కూడ నొక హెచ్చరిక యున్నది: పాత్రలో నున్నది పాలో కల్లో తెలిసికొనక తీర్పు చెప్పవలదని. నేను మొదటి హెచ్చరికను చిన్ననాటనే నేర్చితిని. రెండవదానిని నేర్చుటకు నాకొక తప్పు చేయవలసి వచ్చినది.

అది 1986వ సంవత్సరము, డిసెంబరు 25వ తేది. నేనప్పుడు ఉద్యోగమునకు క్రొత్తవాడను. నాతోడి యుపాధ్యాయుడొకరు దక్షిణ లాలాగూడలో రైల్వే నివాసముల చెంత నుండెడివారు. తెలుగు క్రైస్తవులు. ఆయన పండుగకు రమ్మని పిలువగా వెళ్ళితిని. ఇల్లు చిన్నది. గుమ్మమునకు కాగితపు నక్షత్రము కట్టియుండెను. లోపల పది పండ్రెండుగురు చుట్టములు కూర్చుండిరి. ఆయన తల్లిగారు వృద్ధురాలు. తెల్లని చీర కట్టుకొని, ఒక పళ్ళెరములో బొటనవ్రేలంత గాజు గ్లాసులు పెట్టుకొని వచ్చి, మొట్టమొదట నా యెదుట నిలిచి, "పుచ్చుకోండి పంతులుగారూ, జింజర్ వైన్" అనిరి.

వైన్ అను మాట నా చెవిని బడగానే తక్కినదేదియు నాకు వినబడలేదు. "అమ్మా, మా యింట నిట్టివి ముట్టరు" అని పదిమందిలో గట్టిగా అంటిని. ఆమె మారు పలుకలేదు. పళ్ళెరము ప్రక్కన పెట్టి, లోపలికి పోయి, కడిగిన చెంబుతో మంచినీళ్ళు తెచ్చి యిచ్చిరి. నేను త్రాగి, గొప్ప నిష్ఠ నిలుపుకొన్నవాని వలె ఇంటికి వచ్చితిని.

జనవరిలో నేను తొమ్మిదవ తరగతి వారికి "మా యింటి పండుగ" అను వ్యాసము వ్రాయ నిచ్చితిని. అదే రైల్వే నివాసముల నుండి వచ్చు బాలుడొకడు తన యింట అల్లము దంచుట, లవంగములతో మరగించుట, నిమ్మరసము పిండుట, చక్కెరను మాడ్చి రంగు దెచ్చుట అన్నియు పూసగుచ్చినట్లు వ్రాసి, చివర "దీనినే జింజర్ వైన్ అందురు, ఇది త్రాగిన జలుబు పోవును" అని ముగించెను. ఎర్రసిరా కలము చేతబట్టి దిద్దుచున్న నేను ఆ వాక్యము కడ ఆగిపోయితిని. అది శొంఠి కషాయమునకు చెల్లెలు. శ్రీరామనవమి పానకమునకు పినతల్లి బిడ్డ. దానిలో మద్యము చుక్కయైనను లేదు. పదమును చూచితిని గాని పదార్థమును చూడనైతిని. పండితుడనని చెప్పుకొనువాడు చేయదగిన తప్పు కాదది.

నాటి నుండి నేను ఈ చిన్న గ్లాసు సికింద్రాబాదున కెట్లు వచ్చెనో విచారించుచు వచ్చితిని. ఆ విచారణ ఫలమును మీకు మనవి చేసెదను.

సికింద్రాబాదు దండు వలన పుట్టిన యూరు. 1798లో నిజాము ప్రభువునకును ఆంగ్లేయుల కుంపిణీకిని జరిగిన సంధి ననుసరించి హుస్సేనుసాగరమునకు ఉత్తరమున కుంపిణీ సైన్యము గుడారములు వేసెను. 1806లో మూడవ నిజాము సికందర్ జా పేర ఆ దండునకు సికింద్రాబాదని నామకరణమయ్యెను. దండుతోపాటు బజారులు, బజారులతోపాటు దేవాలయములు వెలసెను. లాన్సర్ లైన్సులోని సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. సెయింట్ మేరీస్ చర్చి 1850లో పూర్తియైనది. తిరుమలగిరిలోని ఆల్ సెయింట్స్ చర్చి 1860 నాటిది. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు రైలు వచ్చెను. 1893లో లాలాగూడ రైల్వే కర్మాగారము నెలకొల్పబడెను. ఆ కర్మాగారమున కమ్మరులు, వడ్రంగులు, ఇంజను నడుపువారు కావలసి వచ్చిరి. ఆంగ్లో ఇండియను కుటుంబములును, తెలుగు పల్లెల నుండి వచ్చిన క్రైస్తవ కుటుంబములును, హిందువులును, ముసల్మానులును అచట ప్రక్క ప్రక్క గోడల నడుమ కాపురము లుండిరి. ఒకరి పొయ్యిమీది వాసన వేరొకరి వాకిటికి వచ్చుచుండెను.

దండు ఉన్నచోట మద్యము తప్పకుండెను. పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగమున కుంపిణీ తెల్లసిపాయిలకు సర్కారే సారానో, రమ్మునో దినదినమును కొలిచి యిచ్చుచుండెను. పటాలములకు త్రాగుడు గదులు వేరుగా నుండెను. వేసవి యెండ, ఊరు కాని యూరు, పనిలేని సాయంకాలములు, కలరా భయము: ఇన్నింటికిని సీసాయే మందని వారు నమ్మిరి. రోగముచే చచ్చినవారికి త్రాగుడుచే చెడినవారు తోడైరి. దండు అలవాటు దండులో నిలువక బజారునకు ప్రాకెను. సంస్థానమున అబ్కారీ రాబడి ఖజానాకు పెద్ద యాధారము. కనుక త్రాగువారిని వలదనువారు దర్బారులో తక్కువ.

వలదను మాట వేరొక దారిని వచ్చినది. మెథడిస్టు సంఘమునకు మూలపురుషుడైన జాన్ వెస్లీ 1743లో తన సంఘమునకు వ్రాసిన నియమములలోనే, తప్పనిసరి యవసరమున దక్క తీవ్రమద్యములను కొనుటయు, అమ్ముటయు, త్రాగుటయు కూడదని విధించెను. 1832లో ఇంగ్లాండున ప్రెస్టన్ పట్టణమున జోసెఫ్ లివ్‌సే యనునాయనయు, మరి ఆరుగురును ఏ విధమైన మద్యమును ముట్టమని ప్రతిజ్ఞాపత్రముపై చేవ్రాలు చేసిరి. మన దేశమున 1862లో గ్రెగ్సన్ అను మత గురువు ఆగ్రాలో సైనికుల కొరకు మద్యవర్జన సంఘమును స్థాపించెను. 1888లో సేనాధిపతియైన రాబర్ట్స్ ప్రభువు ఇట్టి సంఘములన్నింటిని ఏకము చేసి సైనిక మద్యవర్జన సంఘమును నిలిపెను. పటాలములలో సారాగదికి బదులు టీ, కాఫీ, సోడా దొరకు గదులు వెలసెను.

సికింద్రాబాదులో వెస్లియను మెథడిస్టుల ప్రచారము 1880 ప్రాంతమున విలియం బర్జెస్ రాకతో నిలదొక్కుకొనెను. 1895లో చార్లెస్ వాకర్ పాస్నెట్ అను గురువు వచ్చి మొదట తిరుమలగిరిలో తెల్లసిపాయిల నడుమ పనిచేసెను. 1897లో మెదకునకు పోయెను. మెదకున పదియేండ్లు శ్రమించి, కరవు పనిగా వేలమందికి కూలి కల్పించుచు, ఆయన కట్టించిన మహాదేవాలయము 1924 డిసెంబరు 25వ తేదిని, సరిగా క్రిస్మసునాడే, ప్రతిష్ఠింపబడెను.

ఇచట నొక సందేహము వారికి కలిగినది. త్రాగవలదని చెప్పువారు తమ పూజలోని ద్రాక్షమద్యము నేమి చేయవలెను? దీనికి సమాధానమిచ్చినవాడు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున నుండిన మెథడిస్టు దంతవైద్యుడు, థామస్ బ్రామ్‌వెల్ వెల్చ్. పులియుటకు కారణము కంటికి కనబడని సూక్ష్మజీవులనియు, వేడిచే వానిని చంపవచ్చుననియు ఫ్రాన్సు దేశీయుడు పాశ్చర్ చూపి యుండెను. ఆ విద్యను వెల్చ్ 1869లో ద్రాక్షరసమునకు ప్రయోగించి, ఎన్ని దినములున్నను పులియని రసమును సీసాలలో నింపెను. నేటికిని పలు ప్రొటెస్టంటు సంఘములలో ప్రభురాత్రి భోజనమునకు పులియని రసమునే వాడుదురు. రోమను కాథలిక్కుల పూజలో ద్రాక్షమద్యమే విధి. కనుక క్రైస్తవులందరి యాచారము నొక్కటిగా లెక్కింపరాదు.

ఇందొక చిత్రమును పండితులు గమనింపవలెను. తెలుగు బైబిలులో మద్యమైన వైను నకు ద్రాక్షారసమను మాట వాడిరి. పేరు చూడ పండ్లరసము, వస్తువు మద్యము. జింజర్ వైను నందో, పేరు మద్యము. వస్తువు అల్లపు రసము. పేరును నమ్మినవాడు రెండుచోట్లను మోసపోవును.

అట్లైన దేనిని నమ్మవలెను? మన పూర్వులు దీనికి చక్కని గీత గీచిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుడను అధికారిని గూర్చిన ప్రకరణము కలదు. అందు మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అను మద్యభేదములు చెప్పబడినవి. వానికి మూలమైన పులుపుముద్దకు కిణ్వమని పేరు. నేటి శాస్త్రజ్ఞులు ఈస్టు అనునది యిట్టిదే. పదునారవ శతాబ్ది నాటి భావమిశ్రుని భావప్రకాశమున మామిడి, చింతపండు, నిమ్మపండు మొదలగువాని పానకములు చెప్పబడినవి. పానకమునకు కిణ్వము లేదు. ఇదియే గీత. కిణ్వము పడినది ఆసవము; పడనిది పానకము.

గ్రామ పెద్దలకు ఈ సంగతి పుస్తకము చూడకయే తెలియును. తాటిచెట్టున సున్నము పూసిన కుండ కట్టి ఉదయమే దించిన అది నీరా, పసిబిడ్డకైనను పట్టవచ్చును. సున్నము లేని కుండలో పొద్దెక్కువరకు నుంచిన అది కల్లు. చెట్టొక్కటే, రసమొక్కటే. నడుమ నున్నది కాలమును, కిణ్వమును.

మాటల చరిత్ర యింకను వింతగా నుండును. ఆంగ్లేయుల విందులలో పెద్ద గిన్నెలో కలిపి చిన్న గ్లాసులతో పంచెడి పానీయమునకు పంచ్ అని పేరు. ఆ మాట మన పంచ శబ్దమే యని నిఘంటుకర్తలనేకులు వ్రాసిరి. సారా, చక్కెర, నిమ్మరసము, నీరు, సుగంధద్రవ్యము అను నైదింటి కూడిక యగుటచే పంచ్. 1632 నాటి ఆంగ్లేయుల లేఖలోనే యీ మాట కనబడును. అది ఈ దేశమునకు వచ్చిన వర్తకులు నేర్చుకొనిపోయినది. ఇక జింజర్ అను మాట సంస్కృత శృంగబేర శబ్దము గ్రీకు, లాటిను భాషల మీదుగా పోయి యేర్పడినది. ఆ శృంగబేరమునకు మూలము దక్షిణదేశపు ఇంజివేరు అని ద్రావిడభాషావేత్తల మతము. షుగర్ మన శర్కర. క్యాండీ మన ఖండము, అనగా కలకండ. కనుక దొరసానుల పళ్ళెరములో పరదేశపు వేషముతో వచ్చిన అల్లమును, చక్కెరయు మన యింటి పిల్లలే. ఆడపడుచు అత్తవారింటి నుండి క్రొత్త చీరతో వచ్చినపుడు గుర్తింపక వాకిట నిలిపినట్లు నేను నిలిపితిని.

లాలాగూడ, మెట్టుగూడ, తిరుమలగిరి ప్రాంతముల యిండ్లలో పండుగనాడు వాడు చిన్న పానీయములను, చిరుతిండ్లను ఇప్పుడు చెప్పెదను. ఇవి మీ యింటి ఆడువారికి కొత్తగా తోచవు.

మొదటిది జింజర్ వైను. మోండా మార్కెట్టులో లేత అల్లము పావుకిలో తెచ్చి, కడిగి, చెక్కు తీసి, కచ్చాపచ్చాగా దంచవలెను. మూడు లీటర్ల నీటిలో ఆ అల్లమును, ఎనిమిది లవంగములను, రెండంగుళముల దాల్చినచెక్కను, గింజలు తీసిన యెండుమిరపకాయలు మూడింటిని వేసి ముప్పావుగంట సన్నని సెగను మరగింపవలెను. కిలో చక్కెర కలిపి కరగిన పిమ్మట దింపి వడకట్టవలెను. వేరుగా గరిటెడు చక్కెరను గోధుమరంగు వచ్చువరకు మాడ్చి, నీరు చిలికి, అందు కలిపిన రంగు వచ్చును. చల్లారిన వెనుక ఆరు నిమ్మకాయల రసము పిండి, వేడినీట మరగించిన సీసాలలో పోయవలెను. ఒక రాత్రి నిలిచిన రుచి కుదురును. ఇది ఘాటైనది, అందుచేతనే చిన్న గ్లాసు. చల్లనిచోట నుంచి వారము పదిదినములలో త్రాగవలెను. బయట ఎక్కువ దినములుంచిన గాలిలోని కిణ్వము తనంత తానే చేరును. నురుగు పొంగి, పులిసిన వాసన వచ్చినచో పారబోయవలెను. కొందరు కావలెననియే ఈస్టు వేసి నెలల తరబడి నిలువ యుంచుదురు. అప్పుడది పేరునకు తగినదే యగును. కనుక క్రొత్తయింట నైనచో వినయముగా నడిగి తెలిసికొనుటలో తప్పులేదు. నేను చేసినట్లు అడుగక తీర్పు చెప్పుటయే తప్పు.

రెండవది సారా లేని పంచ్. డిసెంబరులో నాగపూరు కమలాఫలములు మార్కెట్టుకు వచ్చును. వాని రసము, నిమ్మరసము, చక్కెరపాకము, చల్లార్చిన పలుచని తేనీటి డికాక్షను, దాల్చినచెక్క: ఇవి యైదు. సారా పోయినను పంచ సంఖ్యకు లోపము లేదు. పంచునపుడు సోడా పోసిన పొంగును.

ఆ పొంగును చూచి మరల ననుమానపడనక్కరలేదు. సోడా పులిసినది కాదు. 1767లో జోసెఫ్ ప్రీస్ట్లీ యను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు నీటిలో బొగ్గుపులుసు గాలిని నింపు విధము కనిపెట్టెను. 1872లో హైరం కాడ్ అనునాయన మెడలో గాజుగోలీ నిలుచు సీసాకు హక్కు పొందెను. మన తిరునాళ్ళలో టప్పుమని కొట్టి యిచ్చెడి గోలీసోడా ఆయన సీసాయే. ఆంగ్లదేశమున మద్యవర్జనోద్యమము నాటి యంగళ్ళలో సర్సపరిల్లా యను వేరుతో చేసిన పానీయమును విరివిగా నమ్మిరి. దానికి మన దేశపు జోడు సుగంధిపాల. చెట్టు వేరైనను దానికి ఇండియన్ సర్సపరిల్లా యనియే పేరు పెట్టిరి. సుగంధిపాల షరబతు చిన్న గ్లాసులలో పోసి యిచ్చు యిండ్లును కలవు.

చిరుతిండ్లలో ముందు చెప్పవలసినవి గులాబీపువ్వులు. బియ్యపుపిండి, మైదా, చక్కెర, కొబ్బరిపాలు కలిపి జారుగా చేసి, ఇనుప అచ్చును కాగిన నూనెలో బాగుగా వేడిచేసి, పిండిలో ముక్కాలువంతు ముంచి, మరల నూనెలో పెట్టిన పువ్వు విడివడును. అచ్చు పూర్తిగా మునిగెనా, పువ్వు ఊడిరాదు. కొందరు గ్రుడ్డు కలుపుదురు, కొందరు కలుపరు. కేరళీయులు దీనినే అచ్చప్పమందురు.

రెండవవి కుల్కులు. మైదా, రవ్వ, కొబ్బరిపాలు కలిపి ముద్దచేసి, చిన్న యుండలను క్రొత్త దువ్వెనమీద నొత్తి చుట్టి, వేయించి, పాకము పట్టుదురు. శ్రోతలలో ఆడువారెవరైన నున్నచో ఈపాటికి నవ్వుచుందురు. ఇవి మన బెల్లపు గవ్వలు. మనకు గవ్వలపీట, వారికి దువ్వెన. మనకు బెల్లము, వారికి చక్కెర.

మూడవది ప్లమ్ కేకు. పేరు ప్లమ్ అయినను అందు ఆ పండుండదు. పూర్వపు ఆంగ్లమున ఎండుద్రాక్షకే ఆ పేరు. అనేకులు పండ్లను రమ్ములో నానవేయుదురు. మద్యము ముట్టని యిండ్లలో ఎండుద్రాక్ష, ఖర్జూరము, నారింజతొక్క, బూడిదగుమ్మడి మురబ్బా కమలాఫలరసములో ఒకటి రెండు రాత్రులు చల్లనిచోట నానవేసి, చిన్న చిన్న కాగితపు గిన్నెలలో వేరు వేరుగా కాల్చుదురు. ఒక్కొక్కరికి నొక్కటి. కత్తితో పనిలేదు, ఎవరి భాగము తక్కువయను వాదము లేదు.

ఇవన్నియు చిన్నవియే. ఎందువలన చిన్నవి? క్రిస్మసునాడు ఒక్కొక్కరు పదియిండ్లకు పోవుదురు. పది యిండ్లలోను కాదనకుండ పుచ్చుకొనవలెను. పేదయింటివాడు కూడ నలుబదిమందికి పెట్టగలుగవలెను. గ్లాసు చిన్నదైన గౌరవము చిన్నది కాదు.

ఇప్పుడు నా ఋణము సంగతికి వచ్చెదను. వ్యాసము దిద్దిన మరునాడు నా మిత్రుని వేరుగా కూర్చుండబెట్టి అంతయు చెప్పితిని. ఆయన కొంతసేపు మౌనముగా నుండి, తమ తండ్రిగారి కథ చెప్పిరి. తండ్రి రైల్వేలో కొలిమి పనివాడు. చేయి మంచిది, మనసు మంచిది. జీతపు రాత్రి మాత్రము ఇల్లు చేరుట లేదు. ఒక క్రిస్మసు ముందునాటి రాత్రి జీతమంతయు సారాదుకాణమున నిడి, ఉత్తచేతులతో వచ్చెను. మరి రెండేండ్లకు కాలేయము చెడి మరణించెను. అప్పటికి పిల్లలు నలుగురు. ఆ తల్లి యిండ్లలో పనిచేసి వారిని చదివించినది. ఆమె ఆనాడు రెండు నియమములు పెట్టుకొనెనట. ఈ గడపలోనికి సారా చుక్క రాకూడదు. పండుగనాడు వచ్చిన యతిథి చేతిలో గ్లాసు లేకుండ పోకూడదు. ఈ రెండింటిని కలుపుటకు ప్రక్కయింటి యింజను డ్రైవరుగారి భార్యయైన ఆంగ్లో ఇండియను దొరసాని వద్ద అల్లపు వైను నేర్చుకొనెను. ఏ గ్లాసును ఆమె సారాకు విరుగుడుగా పట్టుకొని వచ్చెనో, దానినే నేను సారా యని పదిమంది యెదుట త్రోసివేసితిని.

ఆ ఆదివారమే వెళ్ళి, "అమ్మా, తెలియక అంటిని, క్షమింపుము" అంటిని. ఆమె, "పోనిండి పంతులుగారూ, పేరు దొరలది, అల్లం మోండాది" అని నవ్వి, లోపలికి పోయి, సీసా అడుగున మిగిలినది గ్లాసులో పోసి తెచ్చిరి. గొంతు మండినది. కన్నుల నీరు తిరిగినది. అల్లము ఘాటని చెప్పితిని. ఆమె యున్నంతకాలము ప్రతి క్రిస్మసునకును ఆ యింటికి పోయితిని. శ్రీరామనవమికి మా యింటి పానకము ఆమెకు పంపితిమి.

ఆమె వంటివారు ఒక్కరు కారు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మగారు 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, నిమ్నవర్గముల వాడలలో పెండ్లిండ్లకు, పండుగలకు మద్యము వలదని యేండ్ల తరబడి బోధించిరి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వయోజన విద్యలో అక్షరములు నేర్చుచున్న స్త్రీలు తమ పాఠములోని కథ చదివి సారా దుకాణము మూయించిరి. వారికి వర్ధినేని రోశమ్మ నాయకురాలు. ఆ నిప్పు జిల్లాలకు ప్రాకెను. 1993 అక్టోబరు 1వ తేది నుండి ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. శాసనము ఒక ప్రభుత్వముతో వచ్చి వేరొక ప్రభుత్వముతో పోవచ్చును. ఇంటి యాచారమును ఏ ప్రభుత్వమును రద్దుచేయజాలదు. లాలాగూడలోని ఆ గడపలో నిషేధము పెట్టినది ఒక విధవరాలు. దానిని నిలిపినది అల్లము, నిమ్మపండు, చక్కెర.

గ్రామ పెద్దలారా! నేడు మన పల్లెలలో పెండ్లియైనను, పుట్టినరోజైనను, తుదకు కర్మాంతరమైనను సీసా లేనిదే పెట్టుపోత కాదను మాట వ్యాపించుచున్నది. వలదని ఉత్తమాటగా చెప్పిన యువకులు వినరు. అతిథి చేతిలో నొక గ్లాసు పెట్టవలెనను కోరిక మంచి కోరికయే, అది మర్యాద. ఆ గ్లాసులో నేమి పోయవలెననునదే ప్రశ్న. చేతినుండి చెడ్డ గ్లాసును తీసికొనదలచినవారు మంచి గ్లాసును సిద్ధముగా నుంచవలెను. మీ యూరిలో క్రైస్తవుల వాడ యున్నచో, వచ్చు క్రిస్మసునకు వారి యింటికి పొండు. ఇచ్చినది యేమని మర్యాదగా నడిగి పుచ్చుకొనుడు. ఉగాదికి, శ్రీరామనవమికి వారిని మీ యింటికి పిలిచి పానకమిండు. ఎవరి దేవుడు వారికుండగా, అల్లము అందరిదియు నగును.

మంగళగిరి కొండపై నరసింహస్వామికి పానకము పోయుదుము. సగము స్వామి గ్రహించి సగము భక్తునకు విడుచునని మన పెద్దల విశ్వాసము. పంచుకొనుటయే పానకమునకు ధర్మము. ఆనాడు నా భాగమును నేను కాదంటిని. మీరెవరును కాదనకుందురు గాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను. నమస్కారము.